నాన్న పంపే బియ్యం తినాలా, వద్దా?

బెంగళూరు మహదేవపురలో ఉంటున్న ఒక పాఠకురాలు పొడవాటి ఉత్తరం రాశారు. ఆనవాళ్ళు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమె తాతగారు 1960ల్లో పశ్చిమ గోదావరి నుంచి తుంగభద్ర కాలువ కిందికి వలస వెళ్ళి, కర్ణాటకలోని సింధనూరు వైపు ఒక క్యాంపులో (వలస వచ్చిన రైతుల ఊరు) స్థిరపడ్డారు. ఇప్పుడు నాన్న, తమ్ముడు కలిసి పన్నెండు ఎకరాల్లో వరి వేస్తున్నారు. సొంతం ఐదెకరాలు, మిగతాది కౌలు. ఏటా కోత అయ్యాక రెండు బస్తాల సోనా మసూరి బియ్యం బెంగళూరు బస్సులో వేసి పంపుతారు. నాలుగేళ్ళ పాపకు ఆ అన్నం పెట్టొద్దని భర్త పట్టుబడుతున్నారు. కిలో 140 రూపాయలు పెట్టి ఆర్గానిక్ బ్రౌన్ రైస్ తెస్తున్నారు. నాన్న పంపిన బస్తాలకు పురుగు పడుతోంది.

"ఈసారి ఏడుసార్లు మందు కొట్టాం, ఎకరానికి నాలుగు కట్టల యూరియా, రెండు బస్తాల డీఏపీ వేశాం, అయినా దోమ (వరి రసం పీల్చే సుడిదోమ) ఆగలేదు అన్నారు నాన్న ఫోన్లో. నేను మాట్లాడకపోయేసరికి, 'మీకు పంపేది కాలువ పక్క అర ఎకరంలోది తల్లీ, దానికి రెండుసార్లే కొట్టాం' అన్నారు. అది విన్నాక ఇంకా బాధేసింది. మిగతా పదకొండున్నర ఎకరాల బియ్యం తినేవాళ్ళ మాటేమిటి?" అని రాశారు.

ఇంకో రెండు సంగతులు ఉత్తరంలో దారిన పోతూ చెప్పినట్టు ఉన్నాయి. మందు కొట్టే కూలీ ఒకతను అక్టోబరులో చేను గట్టు మీదే వాంతులు చేసుకుని కళ్ళు తిరిగి పడిపోతే, మజ్జిగ తాగించి ఇంటికి పంపారట. తమ్ముడి భార్యకు ఏడో నెల. ఎరువులూ మందులూ అరువు మీదే వస్తాయి, అరువిచ్చే కొట్టు యజమానే ధాన్యమూ కొంటాడు. బాకీ నాలుగు లక్షలు దాటింది. మందులు మానేయమంటే తమ్ముడు, "ఒక్క ఏడాది వచ్చి నువ్వు చేసి చూపించక్కా" అని ఫోన్ పెట్టేశాడు. అప్పటినుంచి అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవు.

ఆమె అడిగినవి మూడు. ఆ బియ్యం పాపకు పెట్టొచ్చా? రసాయనాలు పూర్తిగా మానేయమని నాన్నను గట్టిగా అడగాలా? తన దగ్గరున్న మూడు లక్షలతో రెండెకరాలు సేంద్రియంలోకి మార్పించి, ఆ బియ్యం ఇక్కడి అపార్ట్‌మెంట్లలో అమ్మితే ఎలా ఉంటుంది?

అమ్మా, మీ మూడు ప్రశ్నలూ పాప కంచం చుట్టూ తిరుగుతున్నాయి. తల్లిగా అది సహజమే. కానీ మీ ఉత్తరం చదివాక నాకు ముందు టెన్షన్ పట్టుకున్నది గట్టు మీద పడిపోయిన ఆ మనిషి గురించి. మందుల వల్ల అందరికన్నా ముందు, అందరికన్నా ఎక్కువగా దెబ్బతినేది అన్నం తినేవాళ్ళు కాదు, ట్యాంకు వీపున మోసేవాళ్ళు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ సుమారు 20 మంది చనిపోయారు. ఎన్నో పురుగుమందులు నరాల మీద పనిచేస్తాయి. వాంతులు, విపరీతమైన చెమట, నోట్లో నీళ్ళూరడం, కంటిపాపలు చిన్నవైపోవడం, కండరాలు అదరడం కనిపిస్తే దాన్ని వడదెబ్బ అనుకోకూడదు. మజ్జిగ దానికి మందు కాదు. బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్ళు కడిగి, మందు డబ్బా చేతపట్టుకుని నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. డబ్బా మీది పేరు చూస్తే డాక్టరుకు ఏ విరుగుడు ఇవ్వాలో తెలుస్తుంది. అతను ఇంకా మీ పొలంలోనే పనిచేస్తుంటే, కోలినెస్టరేస్ అనే రక్తపరీక్ష ఒకసారి చేయించమని నాన్నగారికి చెప్పండి. ఆ ఖర్చు మీరు పెట్టుకోండి. అతను కోలుకునేదాకా మళ్ళీ ట్యాంకు ఎత్తనివ్వొద్దని కూడా చెప్పండి. డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇంట్లో ఉన్న డబ్బాల ఫోటోలు తీసి పంపమంటే ఎరుపూ పసుపూ ఎన్ని ఉన్నాయో మీకే తెలుస్తుంది.

రెండోది మీ మరదలి సంగతి. పొలంలో పోసిన నత్రజనిలో కొంత నైట్రేట్‌గా మారి బోరు నీళ్ళలోకి దిగుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. అది దాటితే పెద్దవాళ్ళకన్నా ఆరు నెలల లోపు పసిపిల్లలకు ప్రమాదం, ముఖ్యంగా పోతపాలు ఆ నీళ్ళతో కలిపితే. రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి బిడ్డ నీలంగా మారుతుంది. చాలామందికి తెలియనిది ఏమిటంటే, నీళ్ళు మరిగిస్తే నైట్రేట్ పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. వాళ్ళు తాగేది బోరు నీళ్ళే అయితే బిడ్డ పుట్టేలోపు పరీక్ష చేయించండి. ఎక్కువని తేలితే ఆర్వో నీళ్ళు వాడాలి.

ఇప్పుడు మీ బియ్యం. వరి మీద చల్లిన మందుల అవశేషాలు ఎక్కువగా ఊకలోనూ తవుడులోనూ ఉంటాయి. మర పట్టి పాలిష్ చేసిన బియ్యంలో తగ్గుతాయి. రెండు మూడుసార్లు కడిగి, ఎక్కువ నీళ్ళతో ఉడికించి గంజి వారిస్తే ఇంకొంత తగ్గుతాయి. అంటే మీ నాన్నగారి తెల్లబియ్యం మీరు భయపడుతున్నంత విషమేమీ కాదు. అసలు జాగ్రత్త కావాల్సింది బ్రౌన్ రైస్ దగ్గర. పై పొర అలాగే ఉంటుంది కాబట్టి, అది నిజంగా మందుల్లేకుండా పండిందో లేదో తెలియకపోతే 140 రూపాయలు పెట్టి అవశేషాలున్న పొరనే కొన్నవాళ్ళవుతారు. సంచి మీద సేంద్రియ ఆహారానికి వేసే జైవిక్ భారత్ ముద్ర, దానితోపాటు ప్రభుత్వ సేంద్రియ ధృవీకరణలైన ఎన్‌పీఓపీ, పీజీఎస్‌లలో ఒకటి ఉన్నాయేమో చూడమని మీ వారికి చెప్పండి. ఉంటే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. ఉత్త ఆకుపచ్చ రంగు సంచీ చూసి నమ్మొద్దు. నాన్నగారికి చెప్పకుండా బస్తాలు మూలన పెట్టడం మాత్రం వద్దు. దానివల్ల పొలంలో ఒక్క పిచికారీ కూడా తగ్గదు. ఎప్పుడో ఒకప్పుడు తెలిసి ఆయన మనసు విరుగుతుంది. తినదలుచుకుంటే బాగు చేయించి తినండి. వద్దనుకుంటే ఎందుకో ఆయనకే చెప్పండి.

ఇక కాలువ పక్క అర ఎకరం. మీకు బాధ కలిగించిన ఆ మాటే ఈ ఉత్తరం మొత్తంలో నాకు ఆశ కలిగించింది. మనవరాలికి పంపే బియ్యం వేరుగా పండిస్తున్నారంటే మందుల సంగతి ఆయనకు మీకన్నా బాగా తెలుసు. ఆయనకు ఉపన్యాసం అవసరం లేదు. పైగా అదే నీళ్ళు, అదే విత్తనం, అదే చెయ్యి, పిచికారీలు మాత్రం ఏడుకి బదులు రెండు. బయటివాళ్ళెవరూ చెప్పక్కర్లేకుండా ఆయనే నడుపుతున్న ప్రయోగం అది. మీరు అడగాల్సిందల్లా ఆ ముక్కలో ఎకరా లెక్కన ఎన్ని బస్తాలు వచ్చాయి, మిగతా చేలో ఎన్ని, రెండింటికీ ఖర్చెంత అని. "మందులు మానేయండి" అని మీరంటే తమ్ముడికి తప్పు పట్టినట్టు వినిపించింది. లెక్క అడిగితే అలా వినిపించదు.

ఆ లెక్క ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నష్టమంతా అక్కడే దాగి ఉంది. 45 కిలోల యూరియా కట్టలో 46 శాతం, అంటే సుమారు 20.7 కిలోల నత్రజని. నాలుగు కట్టలకు 83 కిలోలు. డీఏపీ రెండు బస్తాల్లో ఇంకో 18. ఎకరానికి నూరు కిలోలు దాటింది. నేలను బట్టి సిఫార్సులు మారినా, సాగునీటి వరికి సాధారణంగా చెప్పేది ఎకరానికి 60 కిలోల దరిదాపుల్లోనే. వేసినదాంట్లో పైరు తీసుకునేది 30 నుంచి 40 శాతం. మిగతాది కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నీళ్ళలోకి దిగుతుంది, కొద్ది భాగం నైట్రస్ ఆక్సైడ్‌గా ఆకాశానికి పోయి కార్బన్ డయాక్సైడ్‌కన్నా సుమారు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. మూడు కట్టల యూరియాకు సమానమైన నత్రజని ప్రతి ఎకరంలోనూ పైరుకు అందకుండా పోతోందన్నమాట.

అందినదైనా మేలు చేస్తోందా అంటే, మోతాదు మించితే అదీ లేదు. చేను నల్లగా, ఏపుగా కనిపిస్తుంది. చూడ్డానికి కళ్ళకు పండుగే. కానీ ఆకు మెత్తబడుతుంది, దుబ్బు ఒత్తుగా పెరిగి లోపలికి గాలీ ఎండా తగలవు. సుడిదోమకూ ఆకుముడతకూ అగ్గితెగులుకూ అంతకన్నా కావాల్సింది లేదు. పురుగు కనిపించగానే మందు కొడతారు. ఆ మందుకు దోమకన్నా ముందు దోమను తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు చస్తాయి. కాండంలో పెట్టిన దోమ గుడ్లు మాత్రం భద్రంగా ఉంటాయి. పది రోజుల్లో పిల్లలు లేచేసరికి వాటిని తినేవి చేలో ఉండవు. మరో మందు, మరో కొత్త పేరు. సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందులు కొడితే దోమ తగ్గకపోగా ఉద్ధృతమవుతుందని శాస్త్రవేత్తలు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే ఇది. "ఏడుసార్లు కొట్టాం, అయినా దోమ ఆగలేదు" అన్నారు మీ నాన్న. ఏడుసార్లు కొట్టినందుకే ఆగలేదేమో, ఆలోచించమనండి.

ఇండోనేషియా ఇదే ఊబిలో దిగబడింది. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించి, తర్వాత మందుల మీద ఇచ్చే రాయితీని కూడా ఎత్తేసింది. రైతులకు పొలంలోనే పాఠాలు పెట్టి సాలీడేదో దోమేదో లెక్కపెట్టడం నేర్పింది. వరి పంట పడిపోలేదు.

యూరియా కట్ట ధర 266 రూపాయల 50 పైసలు. పొటాష్ బస్తా దానికి ఐదారు రెట్లు. అందుకే మీ నాన్నగారి లెక్కలో పొటాష్ ఊసే లేదు, కాండానికి గట్టిదనం ఇచ్చేది అదే అయినా. కట్ట చవగ్గా ఉందంటే దాని ఖర్చు ఎవరో భరిస్తున్నారనే అర్థం. 2022-23లో ఎరువుల రాయితీ కింద కేంద్రం ఖర్చు పెట్టింది సుమారు రెండున్నర లక్షల కోట్ల రూపాయలు. అందులో మీ జీతంలోంచి కోసుకున్న పన్నూ ఉంది. ఆ చవక యూరియా వల్ల వచ్చిన పురుగుకు మీ తమ్ముడు కొట్టులో అరువు రాయించుకుంటున్నాడు. మీ మరదలు తాగే నీళ్ళలో, ఆ కూలీ ఒంట్లో చేరిన దానికి ఏ రసీదూ ఉండదు. నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. బస్తా మీద ముద్రించిన ధర తప్ప మిగతా ధరలన్నీ లెక్కలో లేనివాళ్ళే చెల్లిస్తున్నారు.

అలాగని ఒక్కసారిగా అన్నీ మానేయమని అడిగితే? శ్రీలంక 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్క దెబ్బతో ఆపేసింది. నవంబరుకే నిర్ణయం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆలోపే వరి దెబ్బతిని బియ్యం దిగుమతి చేసుకున్నారు. ఏళ్ళ తరబడి ఎరువు మీదే బతికిన నేలలో సేంద్రియ పదార్థం మిగలదు. రాత్రికి రాత్రి ఎరువు ఆపితే మొదటి రెండు మూడేళ్ళు దిగుబడి పడుతుంది. మీ వాళ్ళకు ఇంకో చిక్కు కూడా ఉంది. పన్నెండులో ఏడెకరాలు కౌలువి. వచ్చే ఏడాది చేతిలో ఉంటుందో లేదో తెలియని నేలకు ఎవరైనా పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ వేసి సారం పెంచుతారా? నెత్తి మీద నాలుగు లక్షల బాకీతో మీ తమ్ముడు "చేసి చూపించు" అన్నాడంటే అది పొగరు కాదమ్మా, భయం. పట్టుబడితే నాన్నగారు మీ కోసం సరేనన్నా అంటారు. పంట పోతే మాట పడేది తమ్ముడు, ఆ తర్వాత సేంద్రియం అన్న మాటే ఆ ఇంట్లో వినపడదు.

వీటికి మధ్య దారి ఒకటుంది, నేనైతే దాని వైపే మొగ్గుతాను. మానేయడం కాదు, తగ్గించడం. భూసార పరీక్ష చేయించి, ఆ ఫలితం ప్రకారం యూరియాను రెండున్నర కట్టల దాకా దించి, దాన్ని మూడు దఫాలుగా వేయడం. ఆకురంగు పట్టిక అని చిన్న ప్లాస్టిక్ స్కేలు దొరుకుతుంది. ఆకును దాని పక్కన పెట్టి, రంగు తగ్గితేనే యూరియా వేయాలి. పొటాష్ లెక్కలోకి తేవాలి. నాట్లప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే దుబ్బుల్లోకి గాలి ఆడుతుంది. నాటిన మొదటి నలభై రోజులు ఆకు ఎంత ముడుచుకున్నా పురుగుమందు ముట్టకపోతే మంచిది. ఆ వయసులో పోయిన ఆకును వరి తిరిగి పూడ్చుకుంటుంది, సాలీళ్ళు బతికి ఉంటాయి. పిలకల దశలో దోమ దుబ్బుకు పది పదిహేను దాటితేనే మందు గురించి ఆలోచించాలి. అంతకన్నా ముందు చేలో నీళ్ళు తీసి ఆరగట్టాలి. కాండం తొలిచే పురుగుకు, దాని గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా అనే చిన్న పరాన్నజీవులున్న కార్డులు ఉన్నాయి. ఇలాంటి మిత్రపురుగుల మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ ఎన్‌బీఏఐఆర్ మీ బెంగళూరు హెబ్బాళలోనే ఉంది. ఇక్కడి నుంచి మీరు చేయగలిగిన పని అది, వెళ్ళి కనుక్కోండి. గంగావతిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, తుంగభద్ర కింద చౌడు తేలే నేలల గురించి వాళ్ళకు బాగా తెలుసు. తమ్ముడు వాళ్ళ మాట వింటాడు, మీ మాట వినకపోయినా.

దీనివల్ల మీకు ఆర్గానిక్ బియ్యం రాదు. అది ఒప్పుకోవాలి. పిచికారీలు ఏడు నుంచి మూడుకో రెండుకో దిగొచ్చు. ఏదో ఒక పంటలో పక్క పొలాల నుంచి దోమ వచ్చి పడి, "నీ మాట విన్నందుకే" అనే రోజూ రావొచ్చు. ఆ మాట పడటానికి సిద్ధంగా ఉంటేనే మొదలుపెట్టండి.

ఇక మూడు లక్షలు. సొంత భూమిలో రెండెకరాలు సేంద్రియం చేస్తే మొదట్లో ఎకరానికి 75 కిలోల బస్తాలు పాతిక వచ్చాయనుకుందాం. మర పట్టిస్తే రెండెకరాలకు సుమారు 2,400 కిలోల బియ్యం, అంటే పాతిక కిలోల సంచులు తొంభైకి పైగా. అన్నిటికీ అపార్ట్‌మెంట్లలో కొనేవాళ్ళను వెతకాలి, విషపు బిళ్ళలు పెట్టకుండా పురుగు పట్టకుండా నిల్వ చేయాలి. ధాన్యంగానే ఉంచి నెలనెలా మర పట్టిస్తే కొంత నయం. సేంద్రియ ధృవీకరణకు కనీసం రెండేళ్ళు పడుతుంది, అప్పటిదాకా సంచి మీద జైవిక్ భారత్ ముద్ర వేయకూడదు. ఉద్యోగం, పాప, ఇవన్నీ చూసుకుంటూ మీ వల్ల అవుతుందా అన్నది మీరే తేల్చుకోవాలి. చేస్తే ఒక షరతు మీద చేయండి. నష్టం మీది, లాభంలో తమ్ముడిదీ వాటా. అప్పుగా మాత్రం ఇవ్వకండి.

ఇంకో దారి కూడా ఉంది. ఆ మూడు లక్షలూ కొట్టు బాకీకి కట్టేయడం. ఏ మందు కొనాలో ఇప్పుడు తేలుస్తున్నది మీ నాన్నా కాదు, పురుగూ కాదు, అరువిచ్చే మనిషి. ఆయన వద్దన్న పని చేయాలన్నా, ధాన్యం వేరేచోట అమ్మాలన్నా ముందు ఆ ఖాతా తేలాలి. మిగిలిన దానికి, వచ్చే పంట పెట్టుబడికి సొంత ఐదెకరాల మీద కిసాన్ క్రెడిట్ కార్డు రుణం తీసుకోవచ్చు. మూడు లక్షల లోపు రుణానికి గడువులోపు కడితే పడేది 4 శాతం వడ్డీ. కౌలు భూమికి ఇది అంత తేలిగ్గా రాదు. కొట్టతను నొచ్చుకుంటాడు, ఇకముందు అరువు పుట్టదు, ప్రతి పంటకూ నగదు చూసుకోవాలి. బ్యాంకు గడువు దాటితే వడ్డీ పెరుగుతుంది. నాన్నగారు కూతురి డబ్బు తీసుకోవడానికి ఒప్పుకోకపోవచ్చు కూడా. అయినా రెండెకరాల సేంద్రియం కన్నా ఇది పన్నెండు ఎకరాల్లో మందు తగ్గించగలదని నా అభిప్రాయం. మీ వారితో కూర్చుని ఈ రెండూ పక్కపక్కన రాసుకుని చూడండి.

భూసార పరీక్షకు మట్టి తీయాల్సింది మొదటి పంట కోత అయ్యాక, రెండో పంటకు దమ్ము చేసి ఎరువు వేయకముందు. కాలువ నీళ్ళు వదిలేలోపు ఆ వ్యవధి కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి సంక్రాంతికి వెళ్ళినప్పుడు మాట్లాడదామని ఆగకండి. తమ్ముడికి ఈ వారమే ఫోన్ చేయండి. పన్నెండు ఎకరాల మట్టీ ఒక్క సంచిలో కలిపేయకుండా ఒక్కో మడిలో ఏడెనిమిది చోట్ల జానెడు లోతున తీసి, కాలువ పక్క అర ఎకరం మట్టిని వేరే సంచిలో కట్టి, మీ హోబ్లీ (కర్ణాటకలో తాలూకాలో ఒక భాగం) రైతు సంపర్క కేంద్రంలో ఇమ్మనండి.